గాలి మూతల మీద కుంకుమ

నాకు చక్రాలంటే భయం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, అక్కడే పెరిగి, చివరికి రైల్వే వర్క్‌షాపులో చక్రాల షాపు ఫిట్టర్‌నే కట్టుకున్నదాన్ని ఈ మాట అంటే నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. ఎనభైలలో నా తోటి ఆడపిల్లలందరూ సైకిలు నేర్చుకుంటుంటే నేను వెనక క్యారియర్ మీద కూర్చోవడానికి కూడా ఏడ్చేదాన్ని. సుభాష్‌పల్లి నుంచి ఖరిదా బజారుకి రిక్షాలో వెళ్లాలన్నా, గుంట వచ్చిన ప్రతిచోటా ముందు తొక్కుతున్న మనిషి చొక్కా పట్టుకునేదాన్ని. "చొక్కా చిరిగిపోద్ది దీదీ, వదులు" అని అతను బెంగాలీలో మొత్తుకునేవాడు. నేను వదిలేదాన్ని కాదు.

ఆ భయం ఊరికే రాలేదు. మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ నోటికి అలవాటైన బావ అనే పిలుపు పెళ్లయ్యాక కూడా మారలేదు కాబట్టి ఇక్కడా బావ అనే రాస్తాను. బావ వాళ్ల నాన్న యార్డులో షంటింగ్ పని చేసేవాడు. ఇంజను వ్యాగన్లను వెనక్కి నెడుతుంటే వాటి మధ్యకి దూరి ఒకదానికొకటి తగిలించే పని. ఒక వానరోజు అలా దూరినవాడు బయటికి రాలేదు. అప్పటికి నేను ఇంకా పరికిణీలు కట్టుకునే పిల్లని.

పదో రోజున అత్తకి బొట్టు తీసేశారు. పిల్లలు చూడకూడదని మమ్మల్ని వెనక గదిలోకి తోసి తలుపు దగ్గరికి వేశారు. చూడొద్దన్నాక చూడకుండా ఉంటానా? తలుపు సందులోంచి చూశాను. ఎవరో ముసలావిడ తడిగుడ్డతో అత్త నుదురు తుడిచింది. అత్త ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఆ చెయ్యి ఎటు తోస్తే అటు తల ఊపింది. ఏళ్ల తరబడి ఒకేచోట పెట్టుకున్న బొట్టు కదా, కుంకుమ పోయాక అక్కడ చర్మం గుండ్రంగా, తెల్లగా బయటపడింది. ఆ రోజునుంచి నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి చక్రం. రెండోది తడిగుడ్డ.

పెళ్లయ్యాక అత్త మాతోనే ఉంది. ఆమెకి భయం అనేది ఒకటి ఉంటుందని ఎప్పుడూ అనిపించలేదు. పాము కనిపిస్తే చీపురుతో తోసేది. పోలీసువాడితో కూడా ఏరా అని మాట్లాడేది. నేను గుమ్మంలో నిలబడి బావ కోసం ఎదురుచూస్తుంటే, "మా అన్న కడుపున ఇలగంటి పిరికిది ఎలగ పుట్టిందో! కూకోయే, వచ్చీస్తాడు" అని గదిమేది. గదిమితే భయం పోతుందా? లోపలికి వచ్చి కూర్చుని భయపడేదాన్ని.

అందరూ టైరంటే రబ్బరు అనుకుంటారు. మా ఇంట్లో టైరంటే ఇనుము. రైలు చక్రం చుట్టూ ఇనప కట్టు ఉంటుంది, దాన్నే వర్క్‌షాపులో టైరంటారు. ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, చల్లారనిస్తే అది బిగుసుకుంటుంది. ఆ బిగువు సరిగ్గా ఉందో లేదో సుత్తితో తట్టి చూస్తారు. బాగుంటే గంటలా మోగుతుంది, బీట ఉంటే చప్పగా పలుకుతుంది. బావ చెవికి ఆ షాపులో మంచి పేరు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. పుచ్చకాయ కొన్నా తట్టి వింటాడు, నీళ్ల కుండ కొన్నా తట్టి వింటాడు. పెళ్లిచూపుల్లో నన్ను తట్టి చూడలేదు, అదే నయం.

తొంభైల మొదట్లో మా బతుకులోకి ఆ కారు వచ్చింది. ఖరిదాలో మోటారు సామాన్ల దుకాణం నడిపే ఒక బెంగాలీ పెద్దమనిషి ఉండేవాడు. ఊరంతా ఆయన్ని దాదా అనేవాళ్లు, మేమూ అలాగే అనేవాళ్లం. ఆయన కలకత్తాలో ఎవరో అమ్ముకుంటుంటే ఒక పాత విదేశీ కారు తెచ్చుకున్నాడు. పందాలకి పనికొచ్చే కారట. రెండే సీట్లు. పిల్లల్నీ సామాన్లనీ ఎక్కడ పెడతారో నాకు అర్థమయ్యేది కాదు. నేలకి అతుక్కున్నట్టు ఉండేది. లోపల కూర్చుంటే కాళ్లు చాపుకుని పడుకున్నట్టే ఉంటుందని బావ మురిసిపోతూ చెప్పేవాడు. సంసారులు ఎక్కే బండి కాదని ఒక్క చూపులోనే తెలిసిపోయింది నాకు.

బావ మాత్రం దాని మాయలో పడ్డాడు. వర్క్‌షాపు సైరన్ మోగగానే సైకిలు తిప్పి ఖరిదా వైపు తొక్కేవాడు. దాదా దుకాణం వెనక రేకుల షెడ్డులో ఆ కారు ఉండేది. ఇద్దరూ దాని కిందా పైనా దూరి ఏవేవో విప్పేవాళ్లు, బిగించేవాళ్లు. ఇంటికొచ్చాక ఒళ్లంతా గ్రీజే. "ఇంటికాడ ఒక పెళ్లాం, ఖరిదాలో ఒకటి" అని అత్త ఎత్తిపొడిచేది. నాకు నవ్వొచ్చేది కాదు.

కారు వచ్చిన కొన్నాళ్లకే దాదా మేదినీపూర్ రోడ్డు మీద దాన్ని గట్టిగా తోలాడు. వెనక టైరులో గాలి ఎప్పుడు తగ్గిందో ఆయనకి తెలియలేదు. వంపు దగ్గర ఆ టైరు చక్రం నుంచి ఊడింది. కారు గిర్రున రెండుసార్లు తిరిగి వరిమడిలోకి వెళ్లి పడింది. నాట్లు వేసిన బురద కాబట్టి ప్రాణం దక్కింది. భుజం విరిగింది. ఆ తర్వాత ఆయన చెయ్యి స్టీరింగు మీద ఎక్కువసేపు నిలిచేది కాదు. ఇక గట్టిగా తోలాల్సి వస్తే బావే తోలాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. నన్నెవరు అడిగారు?

ఆ సంగతి విన్న రాత్రి నేను అన్నం తినలేదు. తేలిక బండి, నేలబారు బండి, వెనక టైరులో గాలి తగ్గితే తోకపట్టి తిప్పినట్టు తిరిగిపోతుంది అని బావ తనే వివరంగా చెప్పాడు. నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. "అందికే నాను పెతీసారీ గాలి సూసుకుని గానీ బండి తియ్యను" అన్నాడు. నిజమే, చూసుకునేవాడు. దాదా దుకాణంలో పెన్నులా ఉండే గాలి గేజి ఒకటి ఉండేది. దాన్ని నాలుగు చక్రాలకీ ఒత్తి, అంకె చూసి, అప్పుడే తాళం తిప్పేవాడు. ఆ గేజిని నమ్ముకుని నేను బతికాను కొన్నాళ్లు.

మరి కొన్నాళ్లకి దాదా బావమరిది సెలవు మీద వచ్చాడు. ఓడలో పని ఆయనకి. దాదా భుజం సంగతి ఉత్తరంలో తెలుసుకుని సింగపూర్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో నాలుగు చిన్న మూతలు. టైరుకి గాలి కొట్టే ముక్కు మీద ఉండే మూత తీసేసి దీన్ని బిగించాలి. బిగిస్తే ముక్కులోని పిన్ను నొక్కుకుని టైరులో గాలి ఈ మూతదాకా వస్తుంది. పైన బఠాణీ గింజంత గాజులాంటి బుడిపె ఉంది. లోపల గాలి నిండుగా ఉంటే ఆ బుడిపెలో ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. గాలి తగ్గితే ఆకుపచ్చ కిందికి దిగిపోయి ఎరుపు పైకి వస్తుంది. వంగి చూస్తే చాలు, గేజి అక్కర్లేదు.

బావ వాటిని బిగించిన రోజు ఆదివారం. నేను అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. మూతల్లో ఒకదానికి అడుగున ఉండాల్సిన రబ్బరు వాషరు లేదు, పెట్టెలోనే ఎక్కడో పడిపోయినట్టుంది. దాదా అయ్యో అన్నాడు. బావ ఏమాత్రం కంగారు పడలేదు. వర్క్‌షాపు మనుషుల జేబుల్లో ఎప్పుడూ ఏదో ఒక ముక్క ఉంటుంది. రైలు బ్రేకుల గొట్టం తెగిపోతే పారేసిన రబ్బరు ముక్క తీసి, బ్లేడుతో గుండ్రంగా కోసి, మూతలో కూర్చి బిగించాడు. అది కుడివైపు వెనక చక్రం. సబ్బునీళ్లు పూసి చూశాడు. బుడగ రాలేదు. "రైలునాపే రబ్బరిది, నీ బొమ్మకారుకి సాలదా?" అని దాదాని ఆటపట్టించాడు. తర్వాత గేజి తీసుకెళ్లి దుకాణం సొరుగులో పడేశాడు. ఇక దాంతో పనేముందన్నాడు.

నాకు ఆ మూతలు ఎంత నచ్చాయో చెప్పలేను. నాలాంటి భయస్తుల కోసమే ఎవరో మహానుభావుడు కనిపెట్టాడనిపించింది. అప్పటిదాకా ప్రమాదం అనేది చక్రం లోపల దాక్కుని ఉండేది. ఇప్పుడు దానికి రంగు వచ్చింది, చూడొచ్చు. అప్పటినుంచి క్యారియరు పట్టుకుని షెడ్డుకి ఎప్పుడు వెళ్లినా ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి చూసేదాన్ని. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. అప్పుడు గానీ గుండె చోటికి వచ్చేది కాదు. స్టేషన్లో రైలు బయల్దేరేముందు చక్రాలు పరీక్షించే ఉద్యోగిని టీఎక్స్ఆర్ అంటారు. "దాదా, టీఎక్స్ఆర్ మేడమ్ వచ్చీసినారు, సిగ్నల్ ఇచ్చేదాకా బండి కదలదు" అని బావ అరిచేవాడు. దాదా పడీపడీ నవ్వేవాడు. నవ్వనీ. నా ఆకుపచ్చలు నాకు ఉన్నాయి.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఖరగ్‌పూర్‌లో దాని సందడి దసరాకి తీసిపోదు. ఆ రోజు వర్క్‌షాపు గేట్లు తీసి ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు. ఏ షాపుకి ఆ షాపు విగ్రహం పెట్టుకుంటుంది. మిషన్లన్నిటికీ పువ్వులు, బొట్లు. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. మా తెలుగువాళ్లలో ఇంకో పట్టింపు ఉంది. ఇనుముకి పెట్టే కుంకుమని నూనెలో కలిపి ముద్దగా పెడతాం, అంటుకుని ఉండాలని. పెట్టిన బొట్టు తనంతట తను రాలిపోవాలే గానీ చేత్తో తుడవకూడదు. మనిషికి ఏ నియమమో మిషనుకీ అదే నియమం.

వర్క్‌షాపు పూజ చూసుకుని మధ్యాహ్నానికి దాదా షెడ్డుకి వచ్చాం. కారుకి కూడా పూజ చెయ్యాలని అత్త పట్టుబట్టింది. ఆమె కుంకుమ ముట్టదు కదా, పక్కన నిలబడి పురమాయించింది. నేను గిన్నె పట్టుకుని పెడుతూ వచ్చాను. ముందు బానెట్‌కి, స్టీరింగుకి, తర్వాత చక్రాలకి.

"సక్రానికెట్టినావా? మరి ఆ కొత్త సామానుకో?" అంది అత్త, మూత వైపు చూపిస్తూ.

"దాని మీదెడితే రంగు కనపడదు అత్తా."

"నీకు కనపడకపోతే ఏటే? దేవుడికి కనపడితే సాలు. కొత్త సామానుకి బొట్టెట్టకుండా ఒగ్గేస్తారేటి ఎవులైనా? ఎట్టు."

బావ వైపు చూశాను. "ఎట్టీయే, ఏటవుద్ది" అన్నాడు, ప్రసాదం నములుతూ. పెట్టాను. నాలుగు బుడిపెల మీదా నాలుగు చుక్కలు, నూనె కుంకుమ. బుడిపె బఠాణీ అంతే కాబట్టి చుక్కతో మొత్తం కప్పుకుపోయింది. నా ఆకుపచ్చల్ని నా చేత్తోనే మూసేశాను.

తర్వాత రోజుల్లో కూడా క్యారియరు తీసుకుని వెళ్లాను. అలవాటుగా వంగి చూశాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు, ఎరుపు. కుంకుమ అని తెలుసు. తెలిసినా ఎరుపు ఎరుపే కదా, గుండె ఆగినంత పనయ్యేది. కాస్త గోటితో గీకితే తెలిసిపోతుంది. ఆ పని మాత్రం నా వల్ల కాలేదు. మొగుడు ఎక్కే బండికి పెట్టిన బొట్టుని పెళ్లాం తుడవడమా? ఆ ఆలోచన రాగానే తలుపు సందూ, తడిగుడ్డా, అత్త ఊగిన తలా కళ్లముందుకి వచ్చేవి. చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. గేజితో ఒకసారి చూడమని బావని బతిమాలాను. "బిగించిన మూత ఊరికూరికే ఇప్పితే గాలి పోద్ది" అన్నాడు. అదీ నిజమే కావచ్చు.

పూజ తర్వాతి ఆదివారమే రన్‌వే మీదికి వెళ్లాలని వాళ్లు ముందే అనుకున్నారు. చలికాలంలో కలకత్తావాళ్లు పెట్టుకునే పందేనికి ఈ కారు పనికొస్తుందో లేదో తేల్చుకోవాలని దాదా ఆరాటం. ఊరికి దూరంగా సాల చెట్ల అడవి మధ్యలో యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి ఉంది. విమానాలు ఎప్పుడో పోయాయి, కాంక్రీటు మిగిలింది. మేకలు కాసుకునేవాళ్లు తప్ప ఎవరూ రారు. బావ కారుని మెల్లగా నడుపుకుంటూ వస్తే, వెనక అద్దె వ్యానులో దాదా, అత్త, నేను. అత్త ఒళ్లో సంచి, సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు. నేను దారంతా బావ కారు వెనక చక్రాల వంకే చూస్తూ కూర్చున్నాను. తిరుగుతున్న చక్రం మీద బొట్టు కనిపించదు, ఎర్రటి గీత తిరుగుతుంది.

అక్కడ దిగాం. అంత పొడుగు కాంక్రీటు నేనెప్పుడూ చూడలేదు. పలకల మధ్య గడ్డి మొలిచింది, వాననీళ్లు అక్కడక్కడ నిలిచాయి. రెండో కొస ఎక్కడుందో సరిగ్గా ఆనలేదు, చెట్లే కనిపించాయి. చెట్లంటే సాల మొద్దులు. ఇక్కడ వరిమడి లేదు, బురద లేదు. బావ ఈ కొసనుంచి బయల్దేరి, కారు ఎంత పోగలిగితే అంత వేగం పోనిచ్చి, ఆ మొద్దుల ముందు ఆపాలి. దాదా గడియారం పట్టుకుని చూస్తాడు. అదీ వాళ్ల పరీక్ష.

బావ తలకి ఎవరిదో పాత హెల్మెట్ పెట్టుకున్నాడు. అది వదులుగా ఉండి కళ్ల మీదికి జారుతోంది. అత్త కొబ్బరికాయ బావ చేత కొట్టించి, నిమ్మకాయలు నా చేతికిచ్చింది. చక్రాల కింద పెట్టాలి, బండి కదలగానే నలిగి దిష్టి పోవాలి. ఆ పని ఇంటి ఇల్లాలిదే. ముందు రెండు పెట్టాను. ఎడమ వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటే మూత నా ముఖానికి దగ్గరగా వచ్చింది. ఇన్ని రోజుల ఎండకి కుంకుమ ఎండి బీటలు వేసింది. బీటల్లోంచి సన్నగా ఆకుపచ్చ కనిపించింది. ప్రాణం లేచి వచ్చింది నాకు. లేచి వెళ్లి ముందు చక్రాలు రెండూ మళ్లీ చూశాను. వాటికీ బీటలు, బీటల్లో ఆకుపచ్చ. ఆఖరి నిమ్మకాయతో కుడి వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. కుంకుమ ఇక్కడా బీటలు వేసింది. బీటల్లో ఆకుపచ్చ లేదు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఎరుపు మీద ఎరుపు. కుంకుమే మందంగా పడిందేమో. నీడ పడిందేమో. పక్కకి జరిగి చూశాను. ఆకుపచ్చ లేదు.

"బావా, దిగు" అన్నాను.

"ఏటయింది?"

"ఈ మూత ఎర్రగుంది."

"అన్నీ ఎర్రగానే ఉన్నాయి కదే. నువ్వే ఎట్టినావు."

"ఇది బొట్టెరుపు కాదు. లోపలెరుపు."

బావ నిట్టూర్చి దిగాడు. కారులో ఉన్న చిన్న సుత్తి తీసుకుని వచ్చి, ఆ చక్రాన్ని తట్టి, తల వంచి విన్నాడు. నా కళ్లముందే, నిజంగానే, రబ్బరు టైరుని రైలు చక్రంలాగా తట్టి విన్నాడు. "బాగానే పలుకుతోంది" అన్నాడు. అది పలికేది లోపలి ఇనప రింగు అని, గాలి సంగతి దానికి తెలియదని ఆ క్షణంలో ఆయనకి తట్టలేదు. గేజి అడిగాను. సొరుగులో ఉంది, ఖరిదాలో. దాదా దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడియారం సరిచూసుకుంటూ, "కిచ్ఛు హోబే నా, బౌమా" అన్నాడు. ఏమీ కాదు కోడలా, అని. విరిగిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని అన్నాడు ఆ మాట.

బావ మళ్లీ కారులో కూర్చున్నాడు. ఇంజను మోగింది. ఆ మోతకి మేకలు చెదిరిపోయాయి. నేను చక్రం దగ్గరికి వెళ్లి కూలబడ్డాను, చీర కొంగు కుడిచేతికి చుట్టుకున్నాను.

"ఏటి సేస్తున్నావే?" అత్త గొంతు.

"తుడుస్తాను అత్తా. తుడిస్తే తెలుస్తాది."

"వొద్దు!" అత్త అరుపు ఇంజను మోతని దాటి వినిపించింది. "మొగుడు బండెక్కి కూకున్నాక బొట్టు తుడుస్తావేటే! పిచ్చెక్కినాదేటి నీకు? లెగు అక్కడినుంచి!"

నాకు పిచ్చే పట్టి ఉంటుంది. తుడవకపోతే అడ్డుకోలేను. తుడిచాక లోపల ఆకుపచ్చే ఉంటే? అప్పుడు బావ నవ్వుకుంటూ బయల్దేరతాడు, నేను నా చేత్తో తుడిచిన బొట్టుతో ఈ కొసన నిలబడి చూడాలి. ఆ తర్వాత ఏం జరిగినా అది నేను తుడిచినందుకే జరిగినట్టు. ఏ దేవుడు కాదన్నా నేను అలాగే అనుకుంటాను, నాకు తెలుసు. అంత భయం మళ్లీ ఎన్నడూ పడలేదు నేను, పురుడు పోసుకున్నప్పుడు కూడా.

తుడిచాను. ఎండి గట్టిపడిన నూనె ముద్ద కదా, ఒక్కసారికి రాలేదు. కళ్లు మూసుకుని గట్టిగా, గుండ్రంగా రుద్దాను. కళ్లు తెరిస్తే బుడిపె శుభ్రంగా, గాజులా మెరుస్తోంది. లోపల ఎరుపు. బొట్టు పోయాక కూడా ఎరుపే.

"బావా!" అని అరిచాను. ఆ అరుపు ఎలా ఉందో గానీ ఇంజను ఆగిపోయింది. బావ వచ్చి వంగి చూశాడు. హెల్మెట్ తీసి కింద పెట్టి, రెండు బొటనవేళ్లతో టైరు పక్కని నొక్కాడు. వేళ్లు లోపలికి దిగాయి. వేలు తడిచేసుకుని మూత అంచు మీద ఉమ్మి రాశాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత సూది మొనంత బుడగ వచ్చి, పెరిగి, చిట్లింది. మళ్లీ ఇంకోటి. రైలుని ఆపే రబ్బరు, ఆ గట్టి రబ్బరు, ఇంత చిన్న మూతకి ఒదగక రోజూ కొంచెం కొంచెంగా గాలి వదిలేసింది. సబ్బునీళ్లు పూసిన రోజున చెప్పలేదు, తీరిగ్గా చెప్పింది. బావ తలెత్తి రన్‌వే చివరి చెట్ల వైపు చూశాడు. అలాగే కాంక్రీటు మీద చతికిలబడ్డాడు. దాదా గడియారం జేబులో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు.

నాకు మాత్రం భయం తగ్గలేదు. ఇంకా మూడు ఉన్నాయి. బీటల్లో ఆకుపచ్చ చూశాను, నిజమే, కానీ సరిగ్గానే చూశానా? ఎండకి అలా అనిపించిందేమో? ఈ చక్రానికి గాలి కొట్టుకుని ఈ కారులోనే బావ ఇంటిదాకా రావాలి. కొంగు మళ్లీ చేతికి చుట్టుకుని, ముందు చక్రం దగ్గరికి నడిచాను. చెయ్యి ముందుకి వెళ్లదే. ఒకసారి చేసిన పని రెండోసారి తేలికవుతుందంటారు, నాకు అవలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ బొట్టుని చూస్తూ ఉండిపోయాను.

వెనకనుంచి అత్త వచ్చి నా భుజం పట్టుకుని పక్కకి జరిపింది. తిడుతుందనుకున్నాను.

"నువ్వు లెగు. నువ్వు తుడవకు" అంది. "నాను తుడుస్తాను. నాకెప్పుడో తుడిసీసినారు కదా. నాకింకేటి పోద్ది?"

నెమ్మదిగా కూర్చుని, కొంగు బొటనవేలికి చుట్టుకుని, ఆ మూత మీది కుంకుమ తుడిచింది. అప్పటికే ఆమె కళ్లలో పొరలు వచ్చాయి, దగ్గరివి ఆనేవి కాదు. తుడిచి, ముఖం పక్కకి తిప్పి, "ఏ రంగే?" అని అడిగింది.

"ఆకుపచ్చ అత్తా."

"సరిగ్గా సూడు."

సరిగ్గా చూశాను. "ఆకుపచ్చే."

లేచి రెండో చక్రం దగ్గరికి వెళ్లింది. తుడిచింది. ఏ రంగే అంది. ఆకుపచ్చ అన్నాను. మూడోదాని దగ్గర తుడిచాక మాత్రం వెంటనే అడగలేదు. కుంకుమ కొంగు దాటి ఆమె బొటనవేలికి అంటింది. మామయ్య పోయిన తర్వాత ఆమె చేతికి కుంకుమ అంటడం నేను చూడలేదు. ఆ వేలిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు గాల్లోనే పట్టుకుని ఉంది.

"ఆకుపచ్చ అత్తా" అని నేనే చెప్పి, ఆ చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి వణుకుతోందనే అనుకున్నాను. కాదు, వణుకుతున్నది అత్త చెయ్యి.